కడుపులో మొండి బాకీలు

మా ఊరు నిడుగల్లు. కర్ణాటకలో తుమకూరు జిల్లా, పావగడ తాలూకా. పటంలో చూస్తే మా తాలూకాకు మూడు పక్కలా ఆంధ్రదేశమే కనబడుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ. ఊరికి పక్కనే కొండ, కొండమీద కోట. 12, 13 శతాబ్దాల్లో తెలుగు చోడుల్లో ఒక శాఖవాళ్ళు ఇక్కడ ఉండి ఏలారు. చరిత్రలో వాళ్ళ పేరే నిడుగల్లు చోళులు. మా ఊరివాడు చరిత్ర వ్యాసం రాశాడంటే అది కోట గురించే అయివుంటుందని పాఠకులు అనుకోవడం సహజం. నేను రాయబోయేది మాత్రం కడుపునొప్పి గురించి. నవ్వుకోకండి. దానికీ ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మా తుమకూరు జిల్లాకూ, మద్రాసుకూ, భీమవరంలో పుట్టిన ఒక తెలుగాయనకూ చోటు ఉంది.

మా పెద్దనాయనకు రాత్రి రెండు గంటలప్పుడు కడుపులో మంట లేచేది. లేచి కూర్చుని, చెంబెడు నీళ్ళలో చిటికెడు వంటసోడా కలుపుకొని తాగేవాడు. ఏదైనా నాలుగు ముద్దలు తింటే కాసేపు తగ్గేది, మళ్ళీ మొదలు. "ఊరుబిండి మానెయ్యి, కారం మానెయ్యి" అని మా అవ్వ పోరు పెట్టేది. ఆయన మానేశాడు. మంట మానలేదు. నేను బడిలో చేరకముందే పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకుపోయి కడుపు కోసి, జీర్ణాశయాన్ని కిందిపేగుతో కలిపి కుట్టారు. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ పిడికెడు సంగటికి మించి తినలేకపోయాడు. చొక్కా విప్పితే రొమ్ము కింది నుంచి బొడ్డు దాకా ఉన్న కుట్ల గీతను మేము పిల్లలం వేలితో తడిమి చూసేవాళ్ళం.

నలభై ఏళ్ళు గడిచాక అదే మంట నాకు వచ్చింది. గొట్టం వేసి చూసి, కడుపులో పుండు ఉందనీ, దానికి కారణమైన సూక్ష్మక్రిమి కూడా ఉందనీ చెప్పి, మూడు రకాల మాత్రలు 14 రోజులకు రాసిచ్చారు. కోత లేదు, కుట్టు లేదు. నోట్లో ఇత్తడి చెంబు నాకినట్టు చేదుగా ఉందని ఆరో రోజు మానేశాను. అప్పటికే మంట తగ్గిపోయింది గదా, ఇంకెందుకని. ఏడాది తిరక్కుండా మంట తిరిగి వచ్చింది. ఈసారి వేరే డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన కాగితం తీసుకొని, మందు రాయకముందే ఒక ప్రశ్న వేశాడు: "ఈ పదేళ్ళలో మీరు ఏయే యాంటీబయాటిక్స్ వాడారో చెప్పగలరా సార్?"

నేను బ్యాంకు ఉద్యోగిని, చదివింది కామర్సు. ఏ రైతు అప్పు ఏ సంవత్సరం నుంచి కట్టకుండా నిలిచిపోయిందో అడిగితే రిజిస్టరు తీయకుండా చెప్పగలను. నా నోట్లో నేను వేసుకున్న మందుల లెక్క మాత్రం చెప్పలేకపోయాను. ఆ సిగ్గుతో చదవడం మొదలుపెట్టాను. ఈ వ్యాసం అలా పుట్టింది. నేను వైద్యుణ్ణి కాను గనుక ఇందులో వైద్యం చెప్పబోవడం లేదు. డాక్టర్లు ఒకే క్రిమికి మూడు నాలుగు మందులు కలిపి ఎందుకిస్తారు, అది వాళ్ళకు ఎప్పుడు, ఎక్కడ తెలిసింది అన్నదే నా విషయం.

మా పెద్దనాయన కాలానికి కడుపు పుండు దక్షిణాది రోగమని పేరు పడింది. ఎవరెస్టు ఎక్కబోయిన 1922, 1924 బృందాల్లో ఉన్న సోమర్వెల్ అనే ఆంగ్ల సర్జను, తిరువాన్కూరు రాజ్యంలోని నెయ్యూరు మిషనాసుపత్రిలో స్థిరపడి, ఈ పుండ్లకు శస్త్రచికిత్సలు చేస్తూ పోయాడు. మైసూరు హోల్డ్స్‌వర్త్ మెమోరియల్ ఆసుపత్రిలో పనిచేసిన ఫ్రాంక్ టోవీ అనే మరో సర్జను ఈ రోగం ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అని ఏళ్ళతరబడి ఆరా తీశాడు. వరి అన్నం తినే దక్షిణ, తూర్పు ప్రాంతాల్లో ఎక్కువనీ, గోధుమ తినే వాయవ్యంలో తక్కువనీ 1979లో ప్రచురించాడు. తిండి, కారం, దిగులు, ఆమ్లం ఇవే కారణాలని లోకమంతా నమ్మిన రోజులవి. "ఆమ్లం లేనిదే పుండు లేదు" అన్న సూత్రం 1910 నుంచి నడుస్తోంది. 1976లో సిమెటిడిన్, 1981లో రానిటిడిన్ వచ్చి ఆమ్లాన్ని అణిచే పని మాత్రలతో అయిపోయింది. పుండు మానేది. మాత్ర మానితే చాలామందికి తిరిగి వచ్చేది. వడ్డీ కట్టించుకుంటూ అసలు అలాగే ఉంచిన అప్పులాంటిదన్నమాట.

అసలు కనబడింది ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో. 1979లో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టు జీర్ణాశయపు ముక్కను సూక్ష్మదర్శినిలో చూస్తూ, వంకర తిరిగిన క్రిములను గమనించాడు. కడుపులోని ఆమ్లంలో ఏ క్రిమీ బతకదని అప్పటి నమ్మకం. 1981లో బ్యారీ మార్షల్ అనే కుర్ర డాక్టరు ఆయనతో చేరాడు. ఆ క్రిమిని గాజుపళ్ళెంలో పెంచాలని ఎన్నిసార్లు ప్రయత్నించినా పెరగలేదు. రెండు రోజులు చూసి పారేసేవాళ్ళు. 1982 ఈస్టరు సెలవుల్లో పళ్ళేలు పారేసేవాళ్ళు లేక ఐదు రోజులు అలాగే ఉండిపోయాయి. తెరిచి చూస్తే క్రిమి పెరిగి ఉంది! అది నిదానస్తురాలు, అంతే. వైద్యలోకం నమ్మకపోయేసరికి 1984లో మార్షల్ ఆ క్రిములు కలిపిన ద్రవం తానే తాగేశాడు. కొద్ది రోజుల్లోనే కడుపులో వాపు తెచ్చుకున్నాడు. ఆ క్రిమి పేరు హెలికోబాక్టర్ పైలోరి. ఇకమీద పైలోరి అందాం. ఇది జీర్ణాశయ క్యాన్సరుకు కూడా కారణమని 1994లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ప్రకటించింది. 2005లో వారెన్, మార్షల్ ఇద్దరికీ నోబెల్ బహుమతి దక్కింది.

వీళ్ళకంటే ముందే, 1958 నుంచి, గ్రీసులోని మిసొలాంగీ అనే ఊళ్ళో లికూడిస్ అనే డాక్టరు కడుపు పుండ్లకు యాంటీబయాటిక్స్ ఇచ్చి నయం చేశాడు. ఆయన వ్యాసాన్ని ఎవరూ అచ్చువేయలేదు. పైగా 1968లో జుర్మానా వేశారు. మా పెద్దనాయనను కోసింది ఆ తర్వాతే అని లెక్క వేసుకుంటే మనసు కలుక్కుమంటుంది.

కారణం క్రిమి అని తేలింది గనుక ఇక చంపే మందు ఇస్తే సరిపోవాలి. పైలోరి గాజుపళ్ళెంలో చాలా మందులకు చచ్చేది. తీరా కడుపులో ఒక్కొక్క మందే ఇచ్చి చూస్తే కొద్దిమందికే నయమైంది. ఒక కారణం, ఈ క్రిమి జిగురుపొర కింద దాక్కుంటుంది, ఆమ్లంలో కొన్ని మందులకు బలం తగ్గుతుంది. రెండో కారణం మన కథకు ముఖ్యమైనది. కోట్లకొద్దీ క్రిముల్లో ఏ ఒక్కటో రెండో ఆ మందుకు ముందే లొంగనివి ఉంటాయి.

"ముందే" అన్న మాటను ఒత్తి చెప్పాలి. మందు చూసి క్రిమి భయపడి తెలివి నేర్చుకుంటుందని మనలో చాలామంది అనుకుంటాం. అలా కాదని 1943లో అమెరికాలో లూరియా, డెల్‌బ్రూక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వేరే క్రిమి మీద లెక్క కట్టి చూపించారు. క్రిమి ఒకటి రెండయ్యేటప్పుడు, తన జన్యులిపిని నకలు తీసుకుంటుంది. ఆ నకల్లో అప్పుడప్పుడు ఒక అక్షరం తప్పు పడుతుంది. మా లెడ్జర్లు చేత్తో రాసిన రోజుల్లో ఎంత జాగ్రత్తపరుడైన గుమాస్తా అయినా ఏడాదికొక అంకె తారుమారు చేసేవాడు. అలాంటిదే ఇది. దీన్నే శాస్త్రంలో ఉత్పరివర్తన అంటారు. చాలా తప్పులు క్రిమికి నష్టమే చేస్తాయి. ఎప్పుడో ఒక తప్పు, పొరపాటున, ఒక మందునుంచి కాపాడేదవుతుంది. మందు రాగానే మిగతావన్నీ చచ్చి, ఆ ఒక్కటి మిగిలి, ఖాళీ అయిన చోటంతా దాని సంతానమే నిండుతుంది. మందు ఎవరికీ ఏమీ నేర్పలేదు, ఏరివేత మాత్రమే చేసింది.

ఇక రెండు మందులు కలిపితే ఏమవుతుంది? లెక్క తేలిక కోసం కోటి క్రిముల్లో ఒకటి ఒక మందుకు లొంగనిది ఉంటుందనుకుందాం. కడుపులో పది కోట్ల క్రిములుంటే అలాంటివి పది. ఒకే మందు ఇస్తే ఆ పదీ మిగులుతాయి. రెండో మందు వేరే చోట దెబ్బ కొట్టేదైతే, రెండింటికీ ఒకేసారి లొంగని క్రిమి కోటి కోట్లలో ఒకటి ఉండాలి. పది కోట్లలో అది దాదాపు ఉండదు. అలాంటి రోగులను పది లక్షల మందిని వెతికితే ఒకరి కడుపులో దొరకవచ్చు.

బ్యాంకులో పనిచేసేవాళ్ళకు ఇది కొత్త కాదు. మా ఖజానా గదికి రెండు తాళంచెవులు, ఒకటి మేనేజరు దగ్గర, ఒకటి క్యాషియరు దగ్గర. ఇద్దరూ కలిసి తెరిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. ఒకడు చెడ్డవాడైతే అయ్యాడు, ఇద్దరూ ఒకేనాడు చెడరని ఏర్పాటు. అయితే ఒక షరతు ఉంది. ఒక తాళంచెవికి నకలు అప్పటికే దొంగ దగ్గర ఉందనుకోండి, రెండు తాళాలున్నట్టు కనబడుతుంది గానీ ఉన్నది ఒక్కటే. ఈ షరతును కొంచెం గుర్తుంచుకోండి.

ఈ రెండు తాళాల ఉపాయం కడుపు పుండు వైద్యులు కనిపెట్టింది కాదు, క్షయవ్యాధి నేర్పింది. 1947లో బ్రిటిష్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిలు స్ట్రెప్టోమైసిన్‌ను పరీక్షకు పెట్టింది. మందు తీసుకున్నవాళ్ళు ఆరు నెలల్లో బాగా కోలుకున్నారు. ఐదేళ్ళ తర్వాత చూస్తే, తీసుకున్నవాళ్ళకూ తీసుకోనివాళ్ళకూ చావుల్లో పెద్ద తేడా లేదు. క్రిమి మొండికేసింది. 1950లో స్ట్రెప్టోమైసిన్‌తో పాటు పాస్ అనే రెండో మందు కలిపి ఇచ్చారు. మొండికేయడం బాగా తగ్గిపోయింది. పాస్ తానుగా గొప్ప మందేమీ కాదు. కాపలాకు ఇద్దరుండటం దాని గొప్ప.

ఇక్కడ కథ మన దేశానికి వస్తుంది. 1956లో మద్రాసులో క్షయ రసాయన చికిత్సా కేంద్రం పెట్టారు. భారత వైద్య పరిశోధనా మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ కౌన్సిలు కలిసి చేసిన పని. క్షయరోగికి శానిటోరియంలో మంచం, పాలు, గుడ్లు, కొండగాలి ఉండాలని అప్పటి నమ్మకం. మద్రాసు గుడిసెల్లో ఉండి, రోజూ ఐసోనియాజిడ్, పాస్ రెండూ ఏడాది పాటు మింగిన పేదలు, శానిటోరియంలో ఉన్నవాళ్ళతో సమానంగా కోలుకున్నారని 1959లో ఆ కేంద్రం లోకానికి చూపించింది. మరుసటి ఏడు ఇంకొక నివేదిక: ఐసోనియాజిడ్ ఒక్కటే ఇచ్చినవాళ్ళకంటే రెండూ కలిపి ఇచ్చినవాళ్ళు ఎక్కువగా బాగుపడ్డారు. ఒక్క మందు చాలదన్నది దక్షిణాది పేదల శరీరాల మీద రుజువైన పాఠం.

మా జిల్లాకు ఇందులో వేరే పాత్ర ఉంది. 1959లో బెంగుళూరులో జాతీయ క్షయ సంస్థ ఏర్పడింది. ఆ సంస్థవాళ్ళు 1960, 61లలో తుమకూరు జిల్లా పల్లెల్లో ఎక్స్‌రే యంత్రాలతో తిరిగి, కఫం పరీక్షలు చేసి, క్షయ ఎంతమందికి ఉందో లెక్క తీశారు. ఆ పట్టికలో తేలిన రోగుల దగ్గరికి డి. బెనర్జీ గారూ, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన యాండర్సన్ అనే ఆయనా పోయి మాట్లాడి 1963లో ఒక వ్యాసం ప్రచురించారు. పల్లెటూరి జనానికి రోగం సంగతి తెలియదు, తెలిసినా ఆసుపత్రికి రారు అని పట్నం పెద్దలు అనుకునేవారు. తీరా చూస్తే చాలామందికి తమ రోగలక్షణాలు తెలుసు. సగానికి పైగా అప్పటికే వైద్యం కోసం పోయి వచ్చారు. అక్కడ వాళ్ళకు దొరికింది దగ్గుమందు సీసా. తప్పు రోగిది కాదని రికార్డు చేసిన వ్యాసం అది. ఈ మాట కూడా గుర్తుంచుకోండి, చివర్లో అవసరం వస్తుంది.

పైలోరి దగ్గరికి తిరిగి వద్దాం. 1980ల చివరిలో ఆస్ట్రేలియాలోనే సిడ్నీలో బొరోడీ అనే డాక్టరు మూడింటిని కలిపాడు: బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్. అప్పటిదాకా తిరగబెడుతున్న పుండ్లు ఎక్కువ మందికి శాశ్వతంగా మానిపోయాయి. 1990లలో ఆమ్లాన్ని గట్టిగా అణిచే ఒమెప్రజోల్ రకం మాత్రకు క్లారిత్రోమైసిన్, అమాక్సిసిలిన్ జోడించిన మరో ముగ్గురి జట్టు వచ్చింది. మింగడం తేలిక, వారం రోజులే. ఊరూరా అదే రాశారు.

బొరోడీ జట్టులోని టెట్రాసైక్లిన్ వెనక ఒక తెలుగు పేరు ఉంది. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే సంస్థ పరిశోధనలకు డైరెక్టరుగా ఉన్నారు. ఆయన నడిపిన ఆ పరిశోధనాశాలలో, విశ్వవిద్యాలయం నుంచి రిటైరైన బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు ఊరూరి మట్టి తెప్పించి పరీక్షిస్తూ, మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలం మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవిని పట్టాడు. దాని నుంచి తీసిన మందే ఆరియోమైసిన్. 1948 జూలైలో దాన్ని వైద్యలోకం ముందు పెట్టారు. ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆ మందునే కొద్దిగా మార్చి 1950లలో ఫైజర్ సంస్థలో కొనోవర్ అనే రసాయనజ్ఞుడు టెట్రాసైక్లిన్ చేశాడు. మన డాక్టర్లు పాతబడిందని పక్కన పెట్టిన ఆ మందుకే ఇప్పుడు మళ్ళీ పిలుపు వచ్చింది. ఎందుకో చెప్తాను.

ఒక్కొక్క మందును పైలోరి ఎలా తప్పించుకుంటుందో శాస్త్రజ్ఞులు 1990ల నుంచి ఒక్కొక్కటిగా విప్పి చూశారు. క్లారిత్రోమైసిన్ క్రిమిలో ప్రొటీను తయారుచేసే యంత్రాన్ని ఒకచోట పట్టుకొని ఆపుతుంది. ఆ చోట ఒకే ఒక్క అక్షరం, 2142వది గానీ 2143వది గానీ మారితే చాలు, మందుకు పట్టు జారిపోతుంది. ఒక్క అక్షరపు పొరపాటు కాబట్టి అది తేలిగ్గా జరుగుతుంది. మెట్రోనిడజోల్ సంగతి ఇంకా తమాషా. అది క్రిమిలోకి మూట కట్టిన విషంలా పోతుంది. ఆ మూట విప్పేది క్రిమి తన సొంత ఎంజైముతోనే. ఆ ఎంజైము జన్యువు చెడిపోతే మూట మూటగానే ఉండిపోతుంది. ఒక వస్తువును చెడగొట్టడానికి ఫలానా చోటే కొట్టాలని లేదు, ఎక్కడ కొట్టినా చెడుతుంది. కాబట్టి ఈ మందుకు మొండికేసే క్రిములు చాలా ఎక్కువ. టెట్రాసైక్లిన్ విషయంలో గట్టిగా ఎదురు నిలవాలంటే పక్కపక్కన ఉన్న మూడు అక్షరాలు మారాలి. ఒకటో రెండో మారితే కొద్దిపాటి రక్షణే. మూడూ కలిసిరావడం అరుదు గనుక ఈ పాత మందు ఇంకా చాలాచోట్ల పనిచేస్తోంది. బిస్మత్ లోహం, అది ఒక్కచోట కాక పలుచోట్ల దెబ్బ తీస్తుంది.

పైలోరికి ఇంకొక గుణం ఉంది. చాలా క్రిములు మొండితనాన్ని పక్క క్రిముల దగ్గర అరువు తెచ్చుకుంటాయి. పైలోరి ఎక్కువగా తన సొంత నకలు తప్పులతోనే సంపాదించుకుంటుంది. సంపాదించింది పిల్లలకు ఆస్తిగా ఇస్తుంది. ఈ క్రిమి మనకు అంటేది చాలావరకు చిన్నతనంలో, సొంత ఇంట్లోనే, ఎక్కువగా తల్లినుంచి. మందు పడకపోతే జీవితాంతం ఉంటుంది. హైదరాబాదులోని డీఎన్ఏ వేలిముద్రల కేంద్రం శాస్త్రజ్ఞులు 2007లో మన దేశపు పైలోరి వంశాన్ని పరిశీలించి, దాని మూలాలు ఐరోపా రకాలతో కలుస్తాయనీ, వలసవచ్చిన మనుషులతోనే అది ఇక్కడికి చేరిందనీ రాశారు. రాష్ట్రం ఏదైనా ఇంట్లో అమ్మ నుంచి మనకు తెలుగు వచ్చినట్టే, ఇదీ వస్తుంది. అమ్మ కడుపులోది మొండిరకమైతే బిడ్డకు వచ్చేదీ మొండిరకమే. నేను ఆరో రోజు మాత్ర మానడం నా ఒక్కడి కడుపుకు సంబంధించిన సంగతి కాదని తెలిసింది ఇక్కడే.

ఇప్పుడు దొంగ దగ్గరున్న నకలు తాళంచెవి సంగతి. 2003లో మన దేశంలో ఐదు నగరాల నుంచి, హైదరాబాదు, చెన్నై, లక్నో, ఢిల్లీ, చండీగఢ్‌ల నుంచి, 259 మంది రోగుల పైలోరిని తీసి మందులతో పరీక్షించిన ఫలితాలు అచ్చయ్యాయి. మెట్రోనిడజోల్‌కు లొంగనివి నూటికి 77.9. క్లారిత్రోమైసిన్‌కు 44.7. అమాక్సిసిలిన్‌కు 32.8. కడుపు పుండు కోసం ఇచ్చిన మందులతోనే ఇంత మొండితనం వచ్చిందంటే నమ్మలేం. పుండుకు వైద్యం చేయించుకున్నవాళ్ళు ఎంతమంది గనుక? పాత బాకీలు వేరే ఖాతాల్లో ఉన్నాయి. మెట్రోనిడజోల్ 1960 ప్రాంతం నుంచి వాడుకలో ఉంది. జిగట విరేచనాలకు, నీళ్ళ విరేచనాలకు, పంటినొప్పికి మనమంతా మింగిందే. రెండు పూటలు మింగి, విరేచనం కట్టగానే మిగతావి గూట్లో పెట్టేస్తాం. ఆ రెండు పూటలూ కడుపులో తనపాటికి తాను పడివున్న పైలోరికి కూడా మందు పడింది. లొంగేవి కొన్ని పోయాయి, లొంగనివి మిగిలాయి. క్లారిత్రోమైసిన్‌కు అన్నదమ్ములు ఎరిత్రోమైసిన్, అజిత్రోమైసిన్. ఒకదానికి లొంగని క్రిమి తక్కిన రెండింటికీ సాధారణంగా లొంగదు. జలుబుకూ గొంతునొప్పికీ, ఆపైన 2020, 21 కోవిడ్ రోజుల్లో ఇంటింటా మింగిన అజిత్రోమైసిన్ బిళ్ళలు ఎన్నో లెక్కలేదు.

మా డాక్టరు వేసిన ప్రశ్న నాకు అప్పుడు అర్థమైంది. పైలోరి నా కడుపులో నలభై ఏళ్ళుగా ఖాతా తెరిచి ఉంది. నేను ఏ రోగానికి మింగిన మాత్రయినా ఆ ఖాతాలో జమ పడుతూనే ఉంది. మా లెక్కల్లో ప్రతి పేజీ పైనా, గత పేజీ నుంచి తెచ్చిన నిలువ అని మొదట రాస్తాం. అది చూడకుండా కొత్త పేజీ మొదలుపెడితే లెక్క కుదరదు. కాగితం మీద మూడు మందులున్నా, నిలువ చూస్తే పనిచేసేది ఒక్కటే కావచ్చు. అప్పుడు మూడు మందులిచ్చినట్టు కనబడుతూ ఒక్క మందే ఇచ్చినట్టవుతుంది. ఆ ఒక్కదానికీ క్రిమి మొండికేస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ప్రకటించిన మొండి క్రిముల జాబితాలో, క్లారిత్రోమైసిన్‌కు లొంగని పైలోరిని పై వరుసల్లో పెట్టింది. 2024లో సవరించిన జాబితాలో దాని పేరు లేదు. పేరు తీసినంత మాత్రాన ఎవరి కడుపులోనూ అది పోలేదు. 2022 నాటి ఐరోపా వైద్యుల సిఫారసులూ, 2024 నాటి అమెరికా వైద్యుల సిఫారసులూ, ఏ మందు పనిచేస్తుందో పరీక్షించి తెలుసుకోని చోట పాత జట్టునే ముందు పెట్టాయి: ఆమ్లం అణిచే మాత్ర, బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్. నాలుగు మందులు, 14 రోజులు. మెట్రోనిడజోల్‌కు మొండితనం ఉన్నా, మోతాదు పెంచి, రోజులు పెంచి, బిస్మత్ తోడిస్తే చాలావరకు నెగ్గుకురావచ్చని అనుభవం.

ఇక తప్పు ఎవరిదన్న ప్రశ్న. రోగి మధ్యలో మానేశాడు, చదువులేదు, అని అనడం తేలిక. నేను డిగ్రీ చదివి మానేశాను. మానితే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మా పక్క సంతరోజున మందులంగడి ముందు నిలబడి చూడండి. కూలిడబ్బులు లెక్కపెట్టుకొని "రెండు పూటలకే ఇవ్వన్నా" అని అడిగే మనిషికి మాత్ర విలువ తెలియక కాదు, జేబులో అంతే ఉంది. అంగడాయన కత్తెరతో రెండు బిళ్ళలు కత్తిరించి ఇస్తాడు. 1963లో మా జిల్లా పల్లెలవాళ్ళ గురించి బెనర్జీ గారు రాసింది ఇప్పటికీ చెల్లుతుంది. మనిషి వైద్యం కోసం వస్తూనే ఉన్నాడు, మనం అతని చేతిలో ఏం పెట్టి పంపుతున్నామన్నదే ప్రశ్న. మద్రాసు గుడిసెల్లోని రోగులు ఏడాది పాటు మందు మింగారంటే, మందు ఊరకే ఇచ్చి, ఇంటికి పోయి కనుక్కునేవాళ్ళు ఉన్నారు కాబట్టి. ప్రభుత్వం 2013లో ఒక నిబంధన తెచ్చి, కొన్ని యాంటీబయాటిక్స్‌కూ క్షయ మందులకూ అంగళ్ళలో వేరే రిజిస్టరు పెట్టించింది. రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన మాత్రల సంఖ్య అందులో రాయాలి, మూడేళ్ళు దాచాలి. రిజిస్టరు మనిషిగా నాకు అది నచ్చింది. అయితే రిజిస్టరు ఒక్కటే మొండి బాకీలను వసూలు చేసిన దాఖలా నా ఉద్యోగంలో నేను చూడలేదు.

రెండోసారి 14 రోజులూ మింగాను. బిస్మత్ వల్ల నాలుకా, విరేచనమూ నల్లబడ్డాయి. నోట్లో అదే ఇత్తడి చేదు. మా ఆవిడ క్యాలెండరు మీద రోజుకు నాలుగు గీతలు గీసి, ఒక్క గీత తక్కువైతే రాత్రి పడుకోనిచ్చేది కాదు. మందులు ముగిసిన ఆరు వారాలకు ఒక సంచిలోకి ఊపిరి ఊదించుకొని పరీక్ష చేశారు. క్రిమి లేదన్నారు.

ఆ క్యాలెండరు పక్కనే ఇప్పుడు ఒక చిన్న నోటుపుస్తకం మేకుకు వేలాడుతోంది. ఇంట్లో ఎవరు ఏ యాంటీబయాటిక్ ఎప్పుడు మింగారు, ఎందుకు, ఎన్ని రోజులు, ఎవరు రాశారు అన్న ఐదు వరసలు గీసి పెట్టాను. పాఠకులు కూడా ఇలాంటిది ఒకటి పెట్టుకుంటే పది రూపాయలకు మించి ఖర్చు కాదు. నా పేజీలో మొదటి పద్దు: క్లారిత్రోమైసిన్, అమాక్సిసిలిన్. రాసిచ్చింది 14 రోజులకు, మింగింది 5 రోజులు.